కంసుడు చేసిన తప్పు ఒకే గదిలో పెట్టడం కాదు

కృష్ణాష్టమి వచ్చిందంటే ఫోన్లలో ఒక జోకు తిరుగుతుంది. ఎనిమిదో బిడ్డ చేతిలో చస్తానని తెలిసినోడు దేవకీ వసుదేవుల్ని ఒకే జైలు గదిలో ఎందుకు పెట్టినట్టు, చెరో గదిలో పెడితే కథే ఉండేది కాదు కదా అని. కింద వంద నవ్వు బొమ్మలు. జోకు మంచిదే. కాకపోతే భాగవతం తీసి చూస్తే కథ అట్లా లేదు. మొదట్లో అసలు జైలే లేదు.

పెళ్లయింది. చెల్లెలి మీద ప్రేమతో కంసుడే పగ్గాలు పట్టి రథం తోలుతున్నాడు. అప్పుడు ఆకాశవాణి మాట వినబడింది. వెంటనే కత్తి దూసి దేవకి జుట్టు పట్టుకున్నాడు. అంటే జోకు వేసేవాళ్లు అడిగే తెలివైన పని, మొదట్లోనే తేల్చేయడం, వాడికీ తట్టింది, చేయబోయాడు కూడా. ఆపింది వసుదేవుడి మాటలు. పోతన దగ్గర ఈ ఘట్టం చాలా బాగుంటుంది. నువ్వు అన్నవు, చెల్లెలికి బంగారు మాడలో చీరలో పెట్టి నాలుగు తియ్యటి మాటలు చెప్పి పంపాల్సినోడివి, ఆకాశంలో వినబడ్డ మోతలే నిజమనుకొని చంపుతావా అని బతిమాలతాడు. అప్పటికీ వినకపోతే చివరికి బేరానికి దిగుతాడు. నీకు భయం ఈమెతో కాదు కదా, పుట్టే పిల్లలతో కదా, పుట్టినోణ్ని పుట్టినట్టు తెచ్చి నీ చేతుల్లో పెడతా అంటాడు. కంసుడు నమ్మాడు. వాళ్లిద్దరూ ఇంటికి పోయారు.

తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. మొదటి కొడుకు కీర్తిమంతుడు పుట్టగానే వసుదేవుడు మాట తప్పకుండా తనే ఎత్తుకొచ్చి ఇచ్చాడు. కంసుడు ఆ నిజాయితీకి మెచ్చి, వీడితో నాకేం పని, ఎనిమిదోవాడు కదా నాకు గండం, తీసుకుపో అన్నాడు. ఈ ముక్క దగ్గర ఆగాలి. అప్పటికి కంసుడు రాక్షసుడు కాదు, లెక్క చూసుకునే మనిషి. అవసరమైనంత మేరకే చంపుదామనుకున్నాడు.

ఆ లెక్కను చెడగొట్టింది నారదుడు. నువ్వు పోయిన జన్మలో కాలనేమివి, విష్ణువు చంపాడు, ఈ యాదవులంతా దేవతల అంశలే, నీకోసమే పుట్టారు అని చెప్పిపోతాడు. కథ చెప్పేవాళ్ల నోట ఇది ఇంకా ముచ్చటగా మారింది. నారదుడు ఎనిమిది రేకుల తామరపువ్వు చూపించి, ఇందులో ఎనిమిదో రేకు ఏదో చెప్పు అంటాడు. ఒక రేకు నుంచి లెక్కపెడితే ఒకటి, ఇంకో రేకు నుంచి మొదలుపెడితే ఇంకొకటి. ఏ రేకైనా ఎనిమిదోదే. ఇక అప్పుడు కంసుడు దేవకీ వసుదేవులకు సంకెళ్లు వేసి, పుట్టినోళ్లను పుట్టినట్టు చంపుతూ పోయాడు.

ఇట్లాంటి కథలన్నిటికీ ఈ తామరపువ్వే తాళంచెవి అనిపిస్తుంది. జోస్యం ఎప్పుడూ సగమే చెప్తుంది. ఎవరో చెప్పదు, లేదా ఎప్పుడో చెప్పదు, లేదా ఎట్లనో చెప్పదు. మిగతా సగం విలన్ తన భయంతో నింపుకుంటాడు. హ్యారీ పోటర్ చదివిన పిల్లలకు ఇది తెలుసు. వోల్డెమార్ట్‌కు జోస్యం సగమే చేరింది, జులై నెలాఖరుకు పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఎవరికైనా అది సరిపోతుంది, అందులో ఒకణ్ని ఎంచుకొని వాడింటి మీదికి పోయింది తనే. శత్రువును తయారుచేసుకున్నదీ తనే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ కథల్లో జోస్యం హీరోకు చెప్పరు. దేవకికి అభయం ఇచ్చే మాటలు తర్వాతెప్పుడో వస్తాయి, ముందు కబురు మాత్రం విలన్‌కే అందుతుంది. నువ్వు ఫలానావాడి చేతిలో పోతావు అని. ఆ కబురే అందకపోతే కృష్ణుడు మథుర రాజవంశానికి చుట్టంగా, మేనమామ ఒళ్లో ఆడుకుంటూ పెరిగేవాడు. రేపల్లె లేదు, పూతన లేదు, పగ కూడా లేదు.

మేనమామ అన్న మాట దగ్గరే మన కథ పక్క దేశాల కథల కన్నా లోతుకు దిగుతుంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మేనమామ అంటే ఏందో చెప్పక్కర్లేదు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు యాదగిరిగుట్టలో గానీ చెర్వుగట్టు మీద గానీ, కురుమూర్తిలోనో మన్యంకొండలోనో గానీ, మంగలి కత్తి పెట్టకముందు కత్తెర వేసేది మేనమామ. చెవులు కుట్టేటప్పుడు పిల్ల ఏడిస్తే గట్టిగా పట్టుకొని కూర్చునేది ఆయన ఒళ్లోనే. పెళ్లిలో పిల్లను గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చేదీ ఆయనే. అట్లాంటి చేతులు పసిబిడ్డ కాళ్లు పట్టుకొని బండకేసి కొట్టాయంటే వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. రాజు ఎవరినో చంపించాడంటే అంత రాదు, రాజులు చంపుతూనే ఉంటారు. అందుకే రాత్రంతా ఆడే బాగోతంలో కృష్ణ కథ నడిచినప్పుడు, కట్టె కిరీటం, భుజకీర్తులు పెట్టుకొని కంసుడు తొడ కొట్టుకుంటూ గంతులేస్తే పిల్లలు నవ్వుతారు గానీ, దేవకి బిడ్డను అడ్డం పెట్టుకొని అన్నా అని ఏడ్చేచోట ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ల ముఖాలు మారిపోతాయి. ఆ అన్నా అన్న పిలుపు వాళ్లు రోజూ వాడేదే.

ఇది మనకొక్కరికే కాదు. వరసలు పెట్టి చూస్తే విలన్ చాలాసార్లు తల్లి తరఫు వాడే. గ్రీకుల పెర్సియస్‌ను చంపజూసిన అక్రిసియస్ తల్లి తండ్రి, అంటే తాత. పర్షియా సైరస్‌ను చంపమన్న అస్త్యాగెస్, మీడియా అనే దేశానికి రాజు, కూడా తల్లి తండ్రే. రోము కథలో రోములస్, రెమస్ అనే కవలల్ని నదిలో వేయించిన అములియస్ వాళ్ల తల్లికి చిన్నాన్న. కారణం పెద్ద మర్మమేమీ కాదు. ఆడపిల్ల కడుపున పుట్టినోడు వేరే ఇంటి వాడు, కానీ ఈ ఇంటి గద్దె మీద హక్కు తెచ్చుకోగలడు. అందుకే ఈ కథల్లో మొదటి దెబ్బ బిడ్డ మీద పడదు, ఆడపిల్ల మీద పడుతుంది. అక్రిసియస్ కూతురు దానయేను కంచు గదిలో బంధించాడు. అములియస్ అన్న కూతురిని పెళ్లి లేకుండా గుడికి పూజారిణిని చేశాడు. అస్త్యాగెస్ తన కూతురు మందానేను గొప్పింటివాడికి ఇస్తే ముప్పని, ఓ మోస్తరు పర్షియన్‌కు ఇచ్చి పంపాడు. దేవకికి సంకెళ్లు. జోస్యం పేరు మీదో గద్దె భయంతోనో ఇంటి ఆడపిల్లను కట్టడి చేసిన కథలుగా వీటిని చదివితే, చిన్నప్పుడు విన్నదానికన్నా చాలా వేరుగా కనబడతాయి.

మరి గద్దె భయం ఎవరికి ఎక్కువ? దాన్ని సరైన దారిలో ఎక్కనివాళ్లకు. అములియస్ అన్నను దించి ఎక్కాడు. గ్రీకుల దేవుడు క్రోనస్ తండ్రిని పడగొట్టి ఎక్కాడు, కాబట్టి పుట్టిన బిడ్డనల్లా మింగాడు. కంసుడు తండ్రి ఉగ్రసేనుణ్నే కట్టి పడేశాడు. యేసు పుట్టిన కాలపు హేరోదును యూదులకు రాజును చేసింది రోమన్లు. కుర్చీ ఎట్లా లాక్కోవచ్చో తెలిసినోడికి ఎవడో లాక్కుంటాడన్న టెన్షన్ తప్పదు, దానికి ఆకాశవాణి కూడా అక్కర్లేదు.

హేరోదు సంగతి కొంచెం వేరుగా చూడాలి. దేవరకొండ, వనపర్తి వైపు క్రిస్మస్ నాటికల్లో ఈ వేషం ఎప్పుడూ ఉంటుంది, గొంతు పెద్దగా ఉన్న పిల్లాడికి ఇస్తారు. తూర్పు నుంచి జ్ఞానులు వచ్చి రాజు పుట్టాడని అడిగేసరికి కలవరపడి, వాళ్లు చెప్పాపెట్టకుండా వేరే దారిన పోయాక బేత్లెహేములో రెండేళ్లు, అంతకు తక్కువ వయసు మగపిల్లల్ని చంపించాడని మత్తయి సువార్త చెప్తుంది. హేరోదు కాలం గురించి చాలా వివరంగా రాసిన జోసీఫస్ ఈ సంగతి ఎక్కడా ఎత్తలేదు, అందుకే జరిగిందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ అదే జోసీఫస్ రాసిన ఇంకో సంగతి మీద అనుమానం లేదు. హేరోదు తన సొంత కొడుకుల్ని ముగ్గుర్ని చంపించాడు. ఇద్దరిని క్రీ.పూ. 7 ప్రాంతంలో, మూడోవాణ్ని క్రీ.పూ. 4లో, తను చావడానికి కొన్ని రోజుల ముందు. గద్దె లాక్కుంటారన్న అనుమానమే కారణం. పరాయి పిల్లల్ని చంపించాడన్న కథ ఇట్లాంటి మనిషికి అతికినట్టు సరిపోయింది.

కంసుడి మంత్రులు ఇచ్చిన సలహా కూడా ఇదే బాపతు. కృష్ణుడి బదులు దేవకి పక్కలో ఉన్న ఆడబిడ్డ యోగమాయ కంసుడి చేతుల్లోంచి జారి ఆకాశానికెగిరి, నిన్ను చంపేవాడు వేరే చోట పుట్టే ఉన్నాడు అని చెప్పాక, కంసుడికి సిగ్గేసింది. దేవకీ వసుదేవుల సంకెళ్లు తీయించి కాళ్ల మీద పడ్డాడు. అక్కడితో ఆగితే ఆగిపోయేవాడేమో. తెల్లారి మంత్రుల్ని పిలిస్తే వాళ్లు, పది రోజులు నిండినవీ నిండనివీ ఊళ్లలో ఉన్న పసిబిడ్డలందర్నీ చంపుదాం అన్నారు. ఒక్కడు దొరకకపోతే అందర్నీ. జోస్యం సగమే తెలిసినోడి లెక్క చివరికి ఇక్కడికే వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఇంత బలం, ఇంత సైన్యం ఉన్నా ఒక పసిగుడ్డు ఎందుకు తప్పించుకుంటుంది? విధి అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, కానీ కథలు అంత బద్ధకంగా లేవు. అవి ప్రతిసారీ ఒక మనిషిని చూపిస్తాయి. చంపమని ఆర్డర్ అందుకున్న మనిషిని.

రాజు తన చేత్తో చేయడానికి వెనకాడతాడు. చేస్తే పేరు పోతుంది. దేవకి ఎనిమిదోసారి కడుపుతో ఉన్నప్పుడు కంసుడు ఈ మాటే అనుకుంటాడు. ఆడది, చెల్లెలు, పైగా కడుపుతో ఉంది, ఇప్పుడు చంపితే కీర్తీ పోతుంది, సంపదా పోతుంది, ఆయుష్షూ పోతుంది అని. అందుకే పుట్టేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మిగతా రాజులు ఈ చిక్కును ఇంకో రకంగా తప్పించుకున్నారు, పనిని కింది వాళ్ల చేతిలో పెట్టారు. కింది వాడు ఇంకా కింది వాడికి ఇచ్చాడు. అస్త్యాగెస్ తన నమ్మకస్తుడు హర్పగస్‌కు మనవణ్ని ఇచ్చి చంపమన్నాడు. హర్పగస్ లెక్కేసుకున్నాడు: రాజు ముసలోడు, కొడుకులు లేరు, రేపు ఈ కూతురే గద్దెనెక్కితే నా తల ఉంటుందా? కాబట్టి ఒక పశువుల కాపరిని పిలిచి బిడ్డను కొండల్లో వదిలెయ్యమన్నాడు. కాపరి ఇంటికి పోయేసరికి అతని భార్యకు చచ్చిన బిడ్డ పుట్టి ఉంది. ఆమె బతిమాలితే కాపరి ఆ శవానికి రాజబిడ్డ బట్టలు చుట్టాడు, బతికున్న బిడ్డను ఆమె పెట్టుకుంది. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన కథ ఇది. పదేళ్ల తర్వాత గుట్టు బయటపడితే అస్త్యాగెస్, హర్పగస్ కొడుకును చంపి వండించి విందులో తండ్రికే పెట్టాడు. హర్పగస్ ఆ రోజు నోరెత్తలేదు. సైరస్ తిరగబడ్డప్పుడు మాత్రం సైన్యాన్ని తీసుకుపోయి అతని పక్కన నిలబడ్డాడు. క్రీ.పూ. 550 నాటికి అస్త్యాగెస్ ఏలిన మీడియా రాజ్యం సైరస్ చేతికొచ్చింది. జోస్యం నిజమైంది అనొచ్చు, ఒక తండ్రి పగ తీర్చుకున్నాడు అని కూడా అనొచ్చు.

ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, రాజైన ఫరో మంత్రసానుల్ని పిలిచి, హెబ్రీ ఆడవాళ్లకు పురుడు పోసేటప్పుడు మగబిడ్డ అయితే చంపమన్నాడు. షిఫ్రా, పూయా అనే ఆ ఇద్దరూ చంపలేదు. ఎందుకు చంపలేదని అడిగితే, ఆ ఆడవాళ్లు గట్టోళ్లు, మేం పోయేలోపే కనేస్తున్నారు అని చెప్పారు. బైబిల్ నిర్గమకాండంలో ఫరో పేరు లేదు, ఈ ఇద్దరు మంత్రసానుల పేర్లున్నాయి. రాసినవాళ్లు ఎవర్ని గుర్తుపెట్టుకోవాలనుకున్నారో తెలుస్తూనే ఉంది.

మన దగ్గర ఈ చేతుల కథ అన్నిటికన్నా బాగా నడిచేది చంద్రహాసుడిలో. జైమిని భారతంలో ఉంది. తెలుగులోకి తెచ్చింది 15వ శతాబ్దపు పిల్లలమర్రి పినవీరభద్రుడు. ఆ ఇంటిపేరుతోనే సూర్యాపేట పక్కన కాకతీయుల కాలం గుళ్లున్న ఊరుంది. చంద్రహాసుడు కేరళ రాజు కొడుకు, మూలా నక్షత్రంలో పుట్టాడు, ఎడమ కాలికి ఆరో వేలు. తల్లీ తండ్రీ పోతే దాది కుంతల దేశానికి ఎత్తుకొచ్చింది, ఆమె కూడా పోయింది. ఊళ్లో అడుక్కుతినే పిల్లాడు. ఆ దేశం మంత్రి దుష్టబుద్ధి ఇంట్లో భోజనానికొచ్చిన బ్రాహ్మలు వీణ్ని చూసి, ఈ పిల్లాడే ఈ రాజ్యానికి రాజవుతాడు, నీ ఆస్తికి కూడా వీడే దిక్కు అన్నారు. మంత్రి కటికవాళ్లను పిలిచాడు. అడవికి తీసుకుపోయారు. వాళ్లకు చేతులు రాలేదు. కానీ ఆనవాలు చూపించాలి కదా. ఆ ఆరో వేలు కోసి తీసుకుపోయి చూపించారు.

ఆ వేలు అవలక్షణం, దరిద్రానికి గుర్తు. చంపడానికి పోయినోళ్లు జాతకంలోని చెడును కోసి పడేసి పిల్లాణ్ని వదిలేశారన్నమాట. దుష్టబుద్ధి ఖర్చు పెట్టి మరీ శాంతి చేయించినట్టయింది. కథకుడు ఈ మాట పైకి అనడు, వేలును చూపించి ఊరుకుంటాడు.

పెద్దయ్యాక మంత్రి గుర్తుపట్టి, కొడుకు మదనుడికి ఉత్తరమిచ్చి వీణ్నే పంపాడు, వచ్చినోడికి విషం పెట్టు అని. తోటలో పడుకున్న చంద్రహాసుణ్ని చూసి మనసుపడ్డ మంత్రి కూతురు విషయ ఆ ఉత్తరం చదివి, కంటి కాటుకతో ఒక అక్షరం కలిపింది. విషం కాస్తా విషయ అయ్యింది, పెళ్లయిపోయింది. మంత్రి తిరిగొచ్చి అల్లుణ్ని చీకటిపడ్డాక చండిక గుడికి పంపాడు, అక్కడ కత్తులతో మనుషుల్ని పెట్టి. అదే టైముకు రాజు చంద్రహాసుడికి రాజ్యం ఇద్దామని కబురు పెడితే, బావను రాజు దగ్గరికి పంపి పూజ పళ్లెం పట్టుకొని గుడికి పోయింది మదనుడు. చచ్చింది కొడుకు. ఈసారి కత్తి పట్టినవాళ్లు వెనకాడలేదు, కాబట్టే దెబ్బ మంత్రి ఇంటి మీద పడింది.

ఈ పెద్ద పెద్ద రాజుల పక్కన మన పల్లె ఇళ్లను పెట్టి చూడాలి. జోస్యాలు ఇక్కడా చెప్తారు. బిడ్డ పేగు మెడలో వేసుకొని పుట్టిండు, మేనమామకు గండం అంటారు. రోహిణి నక్షత్రమైతే ఇంకా చెప్పక్కర్లేదు, కృష్ణుడు పుట్టింది అందులోనే కాబట్టి. అంటే కంసుడికి వినబడ్డ మాటే, సైజు తగ్గించి, ఒక మామూలు మేనమామకు చెప్తున్నారు. అప్పుడేం చేస్తారు? అయ్యగారు మంచిరోజు చూసి చెప్తారు. గిన్నెలో నూనె పోసి, బిడ్డను పైకి పట్టుకుంటే, మేనమామ ముందు ఆ నూనెలో బిడ్డ నీడ చూసి, తర్వాత నేరుగా ముఖం చూస్తాడు. దానం ఏదో ఇస్తారు. ఆ తర్వాత అదే బిడ్డను చేతుల్లోకి తీసుకొని, కొత్త బట్టలు పెట్టి, వెండి మొలతాడో కడియాలో వేస్తాడు. పది నిమిషాల పని. ఇందులో నిజమెంత, మూఢనమ్మకమెంత అన్నది పక్కన పెడదాం, నక్షత్రానికి, మేనమామ ఆయుష్షుకు సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు, బాలింతను దీని పేరుతో సూటిపోటి మాటలనే ఇళ్లూ ఉన్నాయి. కానీ భయాన్ని ఎట్లా వాడారో చూడండి. భయం పుట్టింది, దానికి ఒక గిన్నె అడ్డం పెట్టారు, బంధుత్వం నిలబడింది. కంసుడికి గిన్నె దొరక్క కాదు. చేతిలో కత్తి, కాపలా భటులు, పిలిస్తే పలికే రాక్షసులు ఉన్నోడికి గిన్నె ఎందుకు గుర్తొస్తుంది?

పైగా భాగవతం కంసుడి మీద ఒక వింత తీర్పు చెప్తుంది. కూర్చున్నా, పడుకున్నా, తింటున్నా, నడుస్తున్నా ఆ పుట్టబోయేవాణ్నే తలుచుకుంటూ లోకమంతా వాణ్నే చూశాడట. గోపికలు ప్రేమతో చేరిన చోటికి కంసుడు భయంతో చేరాడని లెక్క. భక్తుల సంగతి ఎట్లున్నా, కథగా చూస్తే అది చాలా నిజమైన వర్ణన. ఎప్పుడూ ఒకణ్నే తలుచుకునేవాడు ఇక ఏ నిర్ణయమూ సొంతంగా తీసుకోలేడు. పూతన పోయింది, తృణావర్తుడు పోయాడు, బకుడు, అఘుడు పోయారు. ఒక్కొక్కరు చచ్చిన కబురు వచ్చినప్పుడల్లా ఆగి ఆలోచించాల్సింది. ఇంకొకణ్ని పంపాడు.

చివరికి పంపడానికి మంచివాళ్లే మిగిలారు. ధనుర్యాగం చూడ్డానికి రమ్మని బలరామకృష్ణుల్ని పిలుచుకురావడానికి అక్రూరుణ్ని ఎంచుకున్నాడు. యాదవుల్లో పెద్దమనిషి, అందరికీ నమ్మకస్తుడు, ఆయన పిలిస్తే నందుడు కాదనడు అనుకున్నాడు. లెక్క సరిగ్గానే వేశాడు, కాదనలేదు కూడా. ఏనుగును వాకిట్లో పెట్టిస్తా, తప్పించుకుంటే మల్లులు చాణూర ముష్టికులున్నారు అని ప్లాన్ అంతా ఆయనకు విప్పి చెప్పాడు. అక్రూరుడు సరేనని బయల్దేరాడు, రేపల్లె చేరాడు, కాళ్లు కడుక్కొని భోంచేశాడు, కృష్ణుడు పక్కన కూర్చొని కంసుడు ఎట్లున్నాడని అడిగితే, విన్నదంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాడు.